డంబెల్స్‌తో భుజాలకు ప్రెస్ ఒక్కటే చాలా, చేతులు పక్కలకు లేపే సైడ్ రైజులు కూడా చెయ్యాలా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం):
జిమ్ మానేశాను. రూమ్‌లో 5, 7.5, 10 కేజీల డంబెల్ జతలున్నాయి, బెంచీ లేదు. తలమీదికి ఎత్తే ప్రెస్ గట్టిగా చేస్తే భుజమంతా వస్తుంది, మిగతావన్నీ టైమ్‌పాస్ అంటాడు మా రూమ్మేట్. యూట్యూబ్ తెరిస్తే ఒక్క భుజానికే పది రకాలు. నేను రోజూ పుషప్స్ చేస్తాను. అయినా ఎదురుగా చూస్తే వెడల్పు లేదు, పక్క నుంచి చూస్తే భుజం ముందుకు వాలినట్టుంటుంది. ఏవి చెయ్యాలి, ఏవి వదిలెయ్యాలి?

బురుజు_దండీ (కర్నూలు):
మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్టు. ప్రెస్ చాలు. నిలబడి, పొట్ట బిగబట్టి, రెండు చేతులా ఎత్తు. మేము తాలీంలో, అంటే పాతకాలం కసరత్తు శాలలో, దండీలు, బస్కీలు తీసి, గద తిప్పి పెరిగినోళ్లం. సైడ్ రైజ్ అనే మాట అప్పుడు వినలేదు. జాతరలో గుండు భుజానికెత్తినోళ్లెవరూ చిన్న చిన్న డంబెల్స్ పట్టుకొని చేతులు ఆడించలేదు. ప్రెస్ అంటే ఒలింపిక్స్‌లోనే ఒక పోటీగా ఉండేది, 1972 మ్యూనిచ్ దాకా.

టవర్‌క్లాక్_కోచ్ (అనంతపురం):
అన్నా, 1972 తర్వాత ఆ ప్రెస్‌ను ఎందుకు తీసేశారో కూడా చెప్పండి. లిఫ్టర్లు నడుము బాగా వెనక్కి వంచి ఎత్తేవాళ్లు. ఏది సరైన ప్రెస్సో జడ్జీలు తేల్చలేకపోయారు. రూమ్‌లో అద్దం ముందు మన కుర్రాళ్లు చేసేదీ అదే.

తమ్ముడూ, భుజం కండను డెల్టాయిడ్ అంటారు. దానికి మూడు భాగాలు. ముందుది కాలర్ ఎముక నుంచి, పక్కది భుజం కొన నుంచి, వెనకది రెక్క ఎముక గట్టు నుంచి మొదలవుతాయి. మూడూ కలిసి పైచేతి ఎముకకు అతుక్కుంటాయి. ప్రెస్‌లో ఎక్కువ పని ముందు భాగానిది, పైచేతి వెనకుండే ట్రైసెప్స్‌ది. పక్క భాగానికి కొంత దక్కుతుంది, వెనకదానికి చాలా తక్కువ. నువ్వు పుషప్స్ చేస్తున్నావు కాబట్టి ముందు భాగానికి అక్కడ కూడా పని దొరుకుతోంది. చేతులు ముందుకు లేపే ఫ్రంట్ రైజ్ జోలికే పోవద్దు. ఒక్కో సెట్‌లో ప్రెస్ 8 నుంచి 12 సార్లు, సైడ్ రైజ్ 12 నుంచి 20, వంగి చేతులు పక్కలకు తెరిచే రివర్స్ ఫ్లై కూడా 12 నుంచి 20. ఒక్కోటి మూడేసి సెట్లు, వారానికి రెండుసార్లు. ఇంతే.

ఉగ్గాని_బజ్జీ:
పది రకాలు మూడుకొచ్చాయి. ఇంకాసేపు కొట్టుకోండి, ఒకటికొస్తాయి.

బురుజు_దండీ:
5 కేజీలు లేపితే కండ ఎట్ల పెరుగుతుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. మా నాయన హమాలీ. సిమెంటు బస్తా 50 కేజీలు. రోజంతా లారీలు దించేవాడు. ఆయన భుజాలు చూసినోళ్లెవరూ పక్క భాగం తక్కువైంది, వెనక భాగం తక్కువైంది అనలేదు.

టవర్‌క్లాక్_కోచ్:
బస్తా వీపు మీద, మెడ దగ్గర కూర్చుంటుంది. దాన్ని మోసేది మెడ పక్కనుండే ట్రాపీజియస్, వీపు, కాళ్లు. మీ నాన్నగారి కష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు, అది వేరే పని అంటున్నాను.

చెయ్యి పక్కకు చాచితే డంబెల్ భుజం కీలుకు దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ 5 కేజీలు పట్టుకుంటే కీలు మీద పడే భారం, 30 సెంటీమీటర్ల దగ్గర 10 కేజీలు పట్టుకున్నంత. పైగా చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు భారమే ఉండదు, నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు అన్నిటికంటే ఎక్కువ. అందుకే ఊపుతో లేపేవాళ్లకు ఏమీ రాదు. కష్టమైన చోటును ఊపు దాటించేస్తుంది. బరువు తక్కువైనా సరే, ఇంకొకటి రెండు మాత్రమే లేపగలం అన్నంత దాకా చేస్తే కండ పెరుగుతుంది. బలం పెరగాలంటే మాత్రం పెద్ద బరువు కావాల్సిందే. అక్కడ మీ మాట ఒప్పుకుంటాను.

సంగటిముద్ద (కడప):
ప్రెస్ తీసేస్తే ఏమైంది, 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి కంచు తెచ్చింది కదా. అన్నట్టు తిండి గురించి ఒక్కరూ మాట్లాడరేం? అనంతపురంలో ఉండి గుప్పెడు శనక్కాయలు తినకుండా పౌడర్ డబ్బాలు కొంటారు.

బురుజు_దండీ:
తిండి సంగతి తర్వాత. కోచ్ గారూ, జిమ్‌లలో సైడ్ రైజ్ చేసేటప్పుడు చెంబు ఒంపినట్టు బొటనవేలు కిందికి తిప్పమంటారు కదా. అది తప్పా, ఒప్పా? ఒక్క మాటలో చెప్పండి.

టవర్‌క్లాక్_కోచ్:
మనిషిని బట్టి ఉంటుంది.

బురుజు_దండీ:
అది జవాబు కాదు. తప్పా, ఒప్పా?

ఏడురోడ్ల_ఫిజియో (కడప):
నేను చెబుతాను. చేతిని అలా లోపలికి తిప్పి భుజం ఎత్తు దాటిస్తే, భుజం కొన ఎముక కింది సందులో చేతిని పక్కకు లేపడానికి సాయపడే సుప్రాస్పైనేటస్ అనే చిన్న కండ టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) ఒరుసుకునే అవకాశం ఎక్కువ. చేసిన ప్రతివాళ్లకూ నొప్పి వస్తుందని కాదు. కానీ దానివల్ల వచ్చే లాభం కోసం ఆ రిస్క్ తీసుకోమని నేనైతే చెప్పను. అరచెయ్యి నేలవైపు ఉంచండి, లేదా బొటనవేలు కొంచెం పైకి. చేతులు సరిగ్గా పక్కకు కాకుండా ఓ 30 డిగ్రీలు ముందుకు ఉండాలి, రెక్క ఎముక సహజంగా ఆ వాలులోనే ఉంటుంది. భుజం ఎత్తుకు రాగానే ఆపండి. బరువును ఒంటికి దగ్గరగా నిలువుగా పైకి లాగే అప్‌రైట్ రోను గడ్డం దాకా లాగడం కూడా మానుకోండి. ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు ఇక్కడ చదివి చెయ్యకండి, ఎవరికైనా చూపించుకోండి.

బురుజు_దండీ:
చూశారా. ఇదే మావాడికి ఒక జిమ్‌లో చేయించింది. నెల ఫీజు కాక పర్సనల్ ట్రైనింగ్ అని విడిగా కట్టించుకున్నారు. భుజానికే పేజీ నిండా చార్ట్ రాసిచ్చారు. చెంబు ఒంపుడు, గడ్డం దాకా లాగుడు, అన్నీ అందులో ఉన్నాయి. చివరికి చొక్కా తొడుక్కోను చెయ్యి లేవలేదు వాడికి. పోయి అడిగితే నిద్ర చాలలేదేమో అన్నారు. డబ్బు వాపసు లేదు.

టవర్‌క్లాక్_కోచ్:
అయితే పొద్దున్నుంచి మీరు నాతో వాదించింది దీనికోసమా? ఎవడో చేసినదానికి నా మీద పడితే ఎలా? నడుము వంచి ప్రెస్‌లు చేసి వెన్ను పట్టేసినవాళ్లు నా దగ్గరికీ వస్తారు. తాలీంల మీద నేనేమైనా అన్నానా? ఉచితంగా చెబితే గురువు, డబ్బు తీసుకుంటే దొంగ. ఇదేనా మీ లెక్క?

బురుజు_దండీ:
అవును, ఇదే నా లెక్క. మా ఉస్తాద్ ఎవరినీ పైసా అడగలేదు. పీర్ల పండక్కి ఇంత మలీద తెచ్చిస్తే సంతోషపడేవాడు. ఆయన మాకు నాలుగే కసరత్తులు నేర్పించి ఏళ్లకేళ్లు అవే చేయించాడు. ఎందుకంటే ఆయనకు అమ్ముకోవాల్సిన చార్ట్ లేదు. మీకు నెల నెలా కొత్తది చూపించకపోతే పిల్లోడు రెండో నెల ఫీజు కట్టడు. అందుకే ఒక భుజం మూడు భాగాలైంది, మూడు పదయ్యాయి.

టవర్‌క్లాక్_కోచ్:
భుజాన్ని మూడు భాగాలు చేసింది నేను కాదు, మనిషి పుట్టుకే అంత. మీ ఉస్తాద్‌కు పగలు బతకడానికి వేరే పని ఉండేది. నాకు ఇదే పని. షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, అద్దాలు పగిలితే అద్దాలు. ఇక్కడ ఈ తమ్ముడికి మూడు కసరత్తులు చెప్పి ఏడు వదిలెయ్యమన్నాను. దానికి ఎంత తీసుకున్నానో మీరే చెప్పండి.

ఆదోని_పత్తి:
కోచ్ చెప్పినదాంట్లో న్యాయముంది. పెద్దాయన కోపంలోనూ న్యాయముంది. మా ఊళ్లో జిమ్ పెట్టినవాడు ముందు రోజు దాకా సెల్ షాపులో ఉన్నాడు.

బురుజు_దండీ:
నాకు న్యాయం చెప్పమని ఎవరినీ అడగలేదు.

సప్తగిరి_సర్కిల్:
అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బెంచీ లేకుండా ఆ రివర్స్ ఫ్లై ఎలా? వంగి చేస్తుంటే నడుము లాగుతోంది. భుజం వెనక ఏమీ తెలియడం లేదు, రెక్కల మధ్య మాత్రం పట్టేస్తోంది.

ఏడురోడ్ల_ఫిజియో:
మంచం అంచున కూర్చుని, ఛాతీ తొడల మీదికి వచ్చేలా ముందుకు వంగు. నడుము మీద భారం తగ్గుతుంది. మోచేతులు కొద్దిగా మడిచి పక్కలకు తెరువు. పైకి వచ్చాక రెండు రెక్కలనూ దగ్గరికి నొక్కుతున్నావు, అందుకే అక్కడ పట్టేస్తోంది. పని ట్రాపీజియస్‌కు పోతోంది. చేతులను దూరంగా చాచుతున్నాననుకుని లేపు. బరువు కూడా తగ్గించు, నీకు 5 కేజీలు ఎక్కువే అనిపిస్తోంది.

సప్తగిరి_సర్కిల్:
చేసి చూశాను అక్కా. బాటిల్స్‌లో నీళ్లు నింపి చేస్తే వెనక భుజం మండింది. ప్రెస్ 10తో, సైడ్ రైజ్ 5తో చేస్తున్నా. 2.5 కేజీల పాత జత ఎవరి దగ్గరైనా ఉందా?

టవర్‌క్లాక్_కోచ్:
మా జిమ్‌లో తుప్పు పట్టినవి ఉన్నాయి. సాయంత్రం రా, పాత ఇనుము రేటుకి ఇస్తా.

బురుజు_దండీ:
అమ్మకం మొదలైంది.