గుణుపూర్ పిల్లలకి జర్మనీ నుంచి తెలుగు క్లాసు: జూమా, మీటా, టీమ్సా?

గుణుపూర్, ఇప్పుడు స్టట్‌గార్ట్:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద జర్మనీ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా గుణుపూర్‌లోనూ చుట్టుపక్కల మా బంధువుల ఊళ్లలోనూ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ బడి ఒడియా మీడియం, తెలుగు చదవడం రాయడం రాదు. ఆదివారాలు ఆన్‌లైన్‌లో నేర్పిస్తానని మా పిన్నికి మాట ఇచ్చేశాను. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పదిమంది అవుతారు. ఆఫీసులో మేం టీమ్స్ వాడతాం, అదే సరిపోతుందా, జూమ్ కొనాలా, గూగుల్ మీట్ చాలా? వైట్‌బోర్డుకి జామ్‌బోర్డ్ బాగుంటుందని ఎక్కడో చదివాను. అనుభవం ఉన్నవాళ్లు కొంచెం చెప్పండి.

పర్లాకిమిడి, ఇప్పుడు టొరంటో:

చెల్లీ, చాలా మంచి పని మొదలుపెడుతున్నావు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన మా పర్లాకిమిడిలో మా అన్నయ్య పిల్లలే తెలుగు పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తారు. ఆ బాధతోనే నేనూ ఇక్కడి నుంచి క్లాసు మొదలుపెట్టాను, కాబట్టి తెలిసినదంతా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

యాప్ సంగతి తర్వాత, ముందు ఆ పదిమంది ఇళ్లలో ఏ ఫోన్లు ఉన్నాయో మీ పిన్నిగారిని కనుక్కోమను. చాలా ఇళ్లలో ఒక్కటే స్మార్ట్‌ఫోన్, అది నాన్న జేబులో ఉంటుంది, ఆదివారం ఆయన బజారుకి వెళ్తే ఫోన్ కూడా వెళ్తుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద ఇల్లంతా నడవాలి. జూమ్ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం ఇద్దరి మధ్య మంచి వీడియోకి 600 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) నెట్ వేగం కావాలి, ఒట్టి మాటకైతే 60 నుంచి 80 చాలు. గంటకి లెక్కేస్తే ఒక్క వైపు వీడియోకే 270 ఎంబీ దాకా అవుతుంది, మాటకి 36 ఎంబీ మించదు. అందుకని పిల్లల కెమెరాలు ఆపించు, నీది మాత్రం ఆన్‌లో ఉంచు. కొండ పక్క ఊళ్లలో సిగ్నల్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

టీమ్స్ వద్దు. ముఖ్యంగా ఆఫీసు ఖాతాతో అసలు పెట్టకు, ఊళ్లో పిల్లల పేర్లు, ఫోటోలు మీ కంపెనీ సర్వర్లలోకి ఎందుకు వెళ్లాలి? సొంత ఉచిత ఖాతా తీసుకున్నా 60 నిమిషాలు, 100 మంది అంటారు, అది చాలినంతే, కానీ తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్ల మీద ఆ యాప్ బరువుగా నడుస్తుంది. ఒక బడి మొత్తం కలిసి వాడుకుంటే మాట వేరు, గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకి మైక్రోసాఫ్ట్, గూగుల్ రెండూ ఉచితంగానే ఇస్తాయి. నీది బంధువుల పిల్లల క్లాసు, నీకు ఆ అవసరం లేదు.

మీట్, జూమ్ మధ్య నేనైతే మీట్ అంటాను. ముగ్గురూ అంతకంటే ఎక్కువమందీ ఉంటే ఉచితంగా 60 నిమిషాలు, జూమ్‌లో 40. చిన్నపిల్లలకి 40 చాలు కదా అనుకుంటావు, కానీ మొదటి పదిహేను నిమిషాలు "అక్కా వినిపిస్తోందా", "అమ్మా ఛార్జర్ ఏదీ"తోనే పోతాయి. పైగా ఆండ్రాయిడ్ ఫోన్ అంటే గూగుల్ ఖాతా ఎలాగూ ఉంటుంది, లింక్ నొక్కితే లోపలికి వచ్చేస్తారు. ఉచిత మీట్‌లో రికార్డింగ్ ఉండదు, పిల్లల్ని చిన్న గుంపులుగా విడగొట్టే బ్రేకౌట్ గదులూ ఉండవు. అవి కావాలంటే జూమ్‌కే వెళ్లాలి, అందులో ఉచిత ఖాతాకీ ఈ గదులున్నాయి, నీ కంప్యూటర్‌లో రికార్డు కూడా చేసుకోవచ్చు.

జామ్‌బోర్డ్‌ని మర్చిపో. 2024 డిసెంబర్ 31తో గూగుల్ దాన్ని మూసేసింది, పాత సలహాలన్నిటిలో ఇంకా ఆ పేరు తిరుగుతూనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు స్కైప్ అంటే అదీ 2025 మేలో పోయింది. నిజానికి అక్షరాలు నేర్పడానికి డిజిటల్ బోర్డు కంటే నీ చెయ్యి కనిపించడం ముఖ్యం. "అ" ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో, ఒత్తు ఎంత కిందకి రావాలో మౌస్‌తో గీస్తే పిల్లలకి తెలియదు. నాలుగు లావు పుస్తకాలు పేర్చి అంచున ఫోన్ పెట్టి, కెమెరా కిందకి చూసేలా చేసి, ఆ ఫోన్‌తో కూడా మీటింగ్‌లో చేరు, మైక్ మాత్రం ఒక్కదాంట్లోనే ఉంచు, లేకపోతే గీ మని కూత పెడుతుంది. గీతల నోటుబుక్కు మీద లావు స్కెచ్ పెన్నుతో రాస్తే చిన్న తెరలో కూడా చక్కగా కనిపిస్తుంది.

ఇంక అసలు నేర్చుకోవడమంతా జరిగేది ఆదివారానికీ ఆదివారానికీ మధ్యలో. పిల్ల నోటుబుక్కులో రాసి ఫోటో తీసి పంపాలి, నువ్వు దిద్ది తిరిగి పంపాలి. ఈ పని జరగకపోతే ఎంత మంచి వీడియో పెట్టినా అక్షరం నిలవదు, ఇది నేను గట్టిగా నమ్మే మాట. దీనికి వాట్సాప్ చాలా మటుకు సరిపోతుంది. ఫోటో మీదే ఎర్ర గీతతో దిద్ది పంపొచ్చు, చదివినది వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకోవచ్చు. ఈ వాయిస్ మెసేజ్‌లు మన పిల్లలకి చాలా అవసరం. ఒడియా చదివే అలవాటు కదా, "కమల" అని రాసి ఉంటే "కొమొలొ" అని చదువుతారు. లైవ్‌లో లైన్ తెగుతూ ఉంటే అది నీ చెవికి పట్టదు, రికార్డు చేసి పంపితే రెండు సార్లు విని నెమ్మదిగా సరిచేయొచ్చు.

వాట్సాప్‌లో నాకు నచ్చనివి రెండున్నాయి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, కొందరు తల్లులకి అది ఇష్టం ఉండదు, ఇష్టం లేకపోవడంలో తప్పు లేదు. రెండోది, ఒక పిల్ల తప్పులు మిగతావాళ్లు చూస్తారు. ఏడో తరగతి పిల్లాడు మూడో తరగతి చెల్లెలి ముందు తప్పు రాస్తే మరుసటి వారం నుంచి పంపడం మానేస్తాడు. అందుకే దిద్దినవి గ్రూపులో పెట్టకుండా విడిగా పంపు. హోంవర్కు ఇచ్చి దిద్దుకునే గూగుల్ క్లాస్‌రూమ్ ఈ విషయంలో మంచిది, ఎవరు పంపింది నీకూ వాళ్లకీ తప్ప మరొకరికి కనిపించదు, 2017 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాతో కూడా నడుస్తుంది. కానీ ఇండియాలో 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా తెరవకూడదు, కాబట్టి అమ్మ ఖాతాతో చేరాలి, అక్కాతమ్ముడూ ఒకే ఫోన్‌లో పంపితే ఎవరిదేదో కలిసిపోతుంది. పేజీ పైన పేరు రాయడం మొదటి రోజే అలవాటు చెయ్యి.

బరంపురం, ఇప్పుడు హ్యూస్టన్:

అక్క చెప్పినవాటిలో ఒక్క జూమ్ సంగతి తప్ప అన్నీ ఒప్పుకుంటాను. జూమ్‌లో నువ్వు స్క్రీన్ షేర్ చేస్తే పిల్లలు తమ ఫోన్ మీదే వేలితో దాని మీద గీయగలరు. ఖాళీలో గుణింతం పూరించమంటే పోటీలు పడి గీస్తారు, మీట్‌లో ఆ ఉత్సాహం నేను చూడలేదు. పద్యాలు నేర్పేటట్టయితే జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేసుకో, లేకపోతే దీర్ఘాలు సాగదీసిన చోట శబ్దమని నొక్కేస్తుంది. అయితే అందరిచేత ఒకేసారి పాడించడం ఏ యాప్‌లోనూ కుదరదు, ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో వస్తుంది. నువ్వు పాడు, వాళ్లు మ్యూట్‌లో అంటారు, ఆ తర్వాత ఒక్కొక్కర్ని పిలువు. 40 నిమిషాలు నాకైతే మంచిదే అనిపిస్తుంది, కట్ అయ్యాక నీళ్లు తాగి మళ్లీ వస్తారు.

రాయగడ, ఇప్పుడు మెల్‌బోర్న్:

సొంత సర్వర్ మీద నడుపుకోగల వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా రెండున్నాయి. జిట్సీ అయితే చేరేవాళ్లకి ఖాతా అక్కర్లేదు, బ్రౌజర్ చాలు, 2023 ఆగస్టు నుంచి వాళ్ల ఉచిత సైట్‌లో మీటింగ్ మొదలుపెట్టేవాళ్లు మాత్రం లాగిన్ అవ్వాలి. బిగ్‌బ్లూబటన్‌ని కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో క్లాసుల కోసమే తయారుచేశారు, అందరూ కలిసి రాసే బోర్డు, మూడిల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికతో జోడింపు అన్నీ ఉన్నాయి. కానీ సర్వర్ అద్దెకి తీసుకుని చూసుకోవాలి. పదిమందికి అంత శ్రమ వద్దు. రేపు రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో పిల్లలందరికీ కలిపి చేద్దామంటే చెప్పు, సర్వర్ పని నేను చూసుకుంటాను.

గుణుపూర్, ఇప్పుడు స్టట్‌గార్ట్:

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యలూ. ఇంకో రెండు అడుగుతాను. శ్రీకాకుళంలో ఒక మాస్టారు తన పాఠాల ఫైల్ పంపారు, వర్డ్‌లోకి కాపీ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఇంకోటి, కొందరు తల్లిదండ్రులు ఫీజు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

పర్లాకిమిడి, ఇప్పుడు టొరంటో:

ఆ ఫైల్ డీటీపీ వాళ్లు వాడే అను అనే తెలుగు ఫాంట్లలో చేసి ఉంటారు, ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, పిల్లలకి ఇచ్చే పాఠంలో తప్పు ఒత్తు ఉండకూడదు, మార్చాక ప్రతి పంక్తీ చదివి చూడు. లేదంటే కాపీ చేయకుండా ఆ పేజీలనే బొమ్మలుగా పంపేయ్. నువ్వు కొత్తగా తయారుచేసేవి మాత్రం జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డుతో యూనికోడ్‌లోనే టైప్ చెయ్యి.

ఫీజు విషయంలో తొందరపడకు. పక్క సంపాదన నీ వీసా ఒప్పుకుంటుందో లేదో, ఆఫీసు కాంట్రాక్టులో ఏముందో తేలేదాకా ఒక్క రూపాయి తీసుకోవద్దు. ఇస్తామన్నవాళ్లని ఆ డబ్బుతో పిల్లలకి నోటుబుక్కులు కొనిపెట్టమను.

టైము భారత సమయంలోనే చెప్పు. సాయంత్రం ఐదున్నర అనుకుంటే నీకు ఇప్పుడు మధ్యాహ్నం రెండు, అక్టోబర్ చివరి ఆదివారం మీ గడియారాలు వెనక్కి తిరిగాక ఒంటిగంట. అదీ సరిగ్గా ఆదివారమే మారుతుంది, చూసుకో. అక్టోబర్ అంటే మనవైపు తుఫానుల కాలం కూడా. 2018లో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. సెప్టెంబర్‌లోనే నెలరోజుల పాఠాలు ప్రింట్ తీయించి మీ పిన్నిగారింట్లో ఉంచు, నెట్ లేని ఆదివారం ఆవిడే పిల్లల్ని కూర్చోబెట్టి రాయిస్తారు. ఫోన్ల వివరాలు అందగానే ఇక్కడ రాయి, మీటో జూమో అప్పుడు ఖాయం చేద్దాం.