చలికాలపు పున్నమి చంద్రుణ్ణి మచ్చలతో సహా ఫోటో తీయడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
పుష్య పౌర్ణమి వెన్నెల మా ఊళ్ళో వేసవి పున్నమి కన్నా తెల్లగా, నేల మీద జామకొమ్మల నీడ ఆకు ఆకునా తెలిసేంత కాంతిగా ఉంటుంది. కెమెరా ఆటోలో పెట్టి తీస్తే మాత్రం మచ్చలేవీ లేని తెల్లని చుక్క ఒక్కటే వస్తోంది. నా దగ్గర 250 మి.మీ. వరకు జూమ్ అయ్యే లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఈ కాంతి నిజంగానే ఎక్కువా? ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్ళే కాంతి మోతాదు) ఎలా పెట్టుకోవాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (గునుపురం నుంచి):
నిజంగానే ఎక్కువండీ. పున్నమి నాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కనుక, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఎంత వాలితే చంద్రుడు ఉత్తరానికి ఇంచుమించు అంత జరిగి, నడిరాత్రికి మన నడినెత్తి దగ్గరికి వస్తాడు. అప్పుడు వెన్నెల దాటి రావలసిన గాలి తక్కువ. పైగా జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండడం వల్ల చంద్రుడి మీద పడే ఎండ జూలైలో కన్నా సుమారు 7 శాతం హెచ్చు.

చంద్రుడు ఎండలో ఉన్న రాతినేల. కెమెరా అతడి చుట్టూ ఉన్న నల్లని ఆకాశాన్ని లెక్కలోకి తీసుకొని షట్టర్‌ను అవసరానికి మించి తెరిచి ఉంచుతుంది. అందుకని మాన్యువల్‌లో ఐఎస్ఓ (కాంతిని పట్టే సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/200 సెకనుతో మొదలుపెట్టి, మచ్చలు తేలేవరకు షట్టర్ వేగం పెంచండి. తెర మీద బింబాన్ని పెద్దది చేసి, అంచు పదునుగా కనిపించేదాకా ఫోకస్ రింగును చేత్తోనే తిప్పండి. చంద్రుడు నడినెత్తికి వచ్చాక చాలా ట్రైపాడ్‌లు అంత పైకి తిరగవు. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య తీయడం సుఖం.

జవాబు (బరంపురం నుంచి):
ఎక్స్‌పోజర్ గురించి పైవారు చెప్పినది సరైనదే గాని, కొండలతో కలిపి తీయదలిస్తే పౌర్ణమి కన్నా ముందురోజు చతుర్దశే మేలని నా గట్టి నమ్మకం. ఆనాడు సూర్యాస్తమయానికి ముందే చంద్రుడు ఉదయిస్తాడు గనుక కొండ మీది వెలుగు, బింబం వెలుగు ఒక్క ఫోటోలో ఇముడుతాయి. మీ ఊరికి మహేంద్రగిరి ఈశాన్యంగా ఉంది. చలికాలపు నిండు చంద్రుడు ఉదయించేది కూడా దాదాపు ఆ వైపే. ఇక గుంతల లోతు కావాలంటే అష్టమి దాకా ఆగండి. పున్నమి నాడు ఎండ సూటిగా పడడంతో నీడలుండవు, టైకో అనే గుంత నుంచి పరుచుకున్న తెల్లని చారలు మాత్రం ఆనాడే బాగా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాసేపటికే లెన్స్ మీద మంచు పడుతోంది, దానికేం చేయాలి?

జవాబు (గునుపురం నుంచి):
ఆకాశానికి ఎదురుగా ఉన్న అద్దం వేడిని కోల్పోయి గాలి కన్నా చల్లబడితే మంచు పడుతుంది. హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం) తగిలించి, ఫోటోకూ ఫోటోకూ నడుమ మూత పెట్టండి. ఇంట్లోకి తెచ్చేముందు కెమెరాను సంచిలో మూసి, గది వేడికి వచ్చాకే బయటికి తీయండి.