థీమ్ పార్క్ రిసార్ట్ హోటల్లో అతిథులకు నిజంగా నచ్చేదేంటి?

ప్రశ్న (గెస్ట్ రిలేషన్స్‌లో కొత్తగా చేరినమ్మాయి)

అందరికీ నమస్కారం. ఒక థీమ్ పార్క్‌ని ఆనుకుని ఉన్న రిసార్ట్ హోటల్లో చేరి నాకు ఎనిమిది నెలలైంది. త్వరలో మా హోటల్లో ఒక వింగ్ మొత్తం రినోవేషన్‌కి వెళ్తోంది. అతిథులు ఒకసారి వచ్చి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ రావాలంటే ఏం మార్చాలో మా టీమ్‌లో ఒక్కొక్కరినీ రాసివ్వమన్నారు మా మేనేజర్ గారు.

డిజైన్ వాళ్లు చూపించిన బొమ్మలు చాలా బాగున్నాయి. లాబీలో పెద్ద డ్రాగన్, ఓడ ఆకారంలో మంచాలు, గోడల నిండా రంగులు. కానీ రాత్రి కూర్చుని ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్ట తిరగేస్తే వాటిలో డ్రాగన్‌ల గురించి అడిగినవాళ్లు పెద్దగా లేరు. చాలామంది "రూమ్ బాగుంది, పిల్లలకు నచ్చింది" అని రాసి వదిలేశారు. రెండు ఫారాలు మాత్రం నా మనసులోంచి పోవట్లేదు. ఒకాయన "మంచం పక్కన ఒకటే ప్లగ్ ఉంది, నలుగురం రాత్రంతా వంతులు వేసుకుని ఫోన్లు చార్జ్ చేసుకున్నాం" అని రాశారు. ఇంకొకావిడ "మూడు రోజులూ మధ్యాహ్నం మా బాబు హాయిగా నిద్రపోయాడు, మీకు చాలా థ్యాంక్స్" అని రాశారు. నిద్రపోయినందుకు హోటల్‌కి థ్యాంక్స్ చెప్పడమేంటో నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఇలాంటి హోటళ్లలో ఉన్నవాళ్లు, పనిచేసినవాళ్లు చెప్పండి. మీకు గుర్తుండిపోయింది ఏది? మళ్లీ ఆ హోటల్‌కే వెళ్లాలనిపించేలా చేసింది ఏది?

జవాబు (ఇద్దరు పిల్లల నాన్న)

మేం ఇలాంటి ట్రిప్పులు నాలుగు చేశాం. నేను హోటల్ ఎంచుకునేటప్పుడు మొదట చూసేది పొద్దున్న పార్క్‌లోకి ఎంత త్వరగా వెళ్లగలం అనే. ఫ్లోరిడాలో డిస్నీ సొంత హోటళ్లలో ఉంటే రోజూ అరగంట ముందే పార్క్‌లోకి పంపిస్తారు. అరగంటే కదా అనుకుంటాం. ఆ అరగంటలో జనం లేకుండా ఒక పెద్ద రైడ్ ఎక్కేస్తే, తర్వాత గంటకు పైగా నిలబడాల్సిన క్యూ ఒకటి తప్పిపోతుంది. అక్కడే ఉన్న ఇంకో థీమ్ పార్క్ సంస్థ యూనివర్సల్‌లో అయితే పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో గది తీసుకున్నవాళ్లకు రెండు పాత పార్కుల్లో మామూలు క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితో పాటే వస్తుంది. నలుగురికి విడిగా ఆ పాస్‌లు కొనే ఖర్చు లెక్కేసుకుంటే ఖరీదైన గది కూడా అంత ఖరీదుగా అనిపించదు.

ఇక పిల్లల మాట. లెగో బొమ్మల థీమ్ పార్క్ లెగోలాండ్ హోటల్లో గది తలుపు తీయగానే మా చిన్నది మంచం వైపు కూడా చూడలేదు. అక్కడ గదిలో తాళం వేసిన పెట్టె ఒకటి ఉంటుంది. గదిలోనే వెతికి, లెక్కపెట్టి, ప్రశ్నలకు జవాబులు పట్టుకుంటే ఆ అంకెలతో తాళం తెరుచుకుంటుంది. మా అమ్మాయి నేలమీద బోర్లా పడుకుని కార్పెట్ మీది బొమ్మలు వేలితో లెక్కపెడుతుంటే, మేమిద్దరం ఆ ఇరవై నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చున్నాం. పిల్లలకు వేరే మూల, అందులో బంక్ బెడ్, మాకు వేరే మంచం. ఇంకేం కావాలి?

నచ్చనిదీ చెప్తాను, పేరెందుకులెండి. లాబీ అచ్చం కోటలా ఉన్న హోటల్ అది. ఫొటోలు చూసి బుక్ చేశాను. పార్క్ మూసేశాక తిరిగొచ్చే బస్సు కోసం యాభై నిమిషాలు నిలబడ్డాం. పెద్దవాడు నిలబడే నిద్రపోతున్నాడు. అంత అందమైన లాబీలోకి అడుగుపెట్టినా ఆ రాత్రి మాలో ఎవరూ తలెత్తి చూడలేదు.

జవాబు (హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ కలిపి పద్నాలుగేళ్లు)

చెల్లీ, ఆ నిద్ర గురించి రాసినావిడ ఫారం జాగ్రత్తగా దాచుకో. నువ్వు మేనేజర్‌కి ఇవ్వాల్సిన నోట్‌కి అదే మొదటి వాక్యం.

నేను ఇలాంటి హోటల్లోనే పద్నాలుగేళ్లు చేశాను. ముందు హౌస్‌కీపింగ్, తర్వాత ఫ్రంట్ ఆఫీస్‌లో నైట్ డ్యూటీ. మామూలు హోటల్‌కి వచ్చేవాళ్లు పని చూసుకుని వస్తారు, పడుకుంటారు, పొద్దున్నే వెళ్తారు. మన దగ్గరికి వచ్చేవాళ్లు పొద్దుటి నుంచి ఎండలో నడిచి, క్యూల్లో నిలబడి, పిల్లల్ని భుజాన వేసుకుని ఒళ్లు హూనమై వస్తారు. మధ్యాహ్నం రెండు దాటగానే చిన్నపిల్లలు మారాం మొదలుపెడతారు. ఆ సమయానికి గది పది నిమిషాల నడకలో ఉంటే ఆ కుటుంబం వచ్చేస్తుంది. రెండు గంటలు పడుకుని, స్నానం చేసి, సాయంత్రం హుషారుగా మళ్లీ వెళ్తుంది. గది నలభై నిమిషాల దూరంలో ఉంటే రారు. ఏదో చెట్టు నీడన పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంటారు, భార్యాభర్తలు ఒకరిమీద ఒకరు విసుక్కుంటారు, బాణసంచా చూడకుండానే బయల్దేరతారు. ఆ తల్లి నీకు థ్యాంక్స్ చెప్పింది అందుకే. మధ్యాహ్నం ఆ బాబు నిద్రపోయాడు కాబట్టి సాయంత్రం వాళ్లందరికీ ఇంకో రోజు దొరికింది.

ఆ నిద్రని హోటల్ చేతులారా చెడగొట్టగలదు. మా దగ్గర మొదట్లో కారిడార్లలో వాక్యూమ్ సరిగ్గా రెండు నుంచి నాలుగు మధ్యే నడిచేది. ఎవరూ కావాలని చేసింది కాదు, షిఫ్ట్ అలా కుదిరింది. పొద్దున పదింటికి, అందరూ పార్క్‌లో ఉన్న సమయానికి, దాన్ని మార్చడానికి నేను ఆరు నెలలు పోరాడాను. తర్వాత తలుపులు. గది తలుపు వదిలేస్తే దభీమని పడకూడదు, ఆఖరి జానెడు మెల్లగా మూసుకోవాలి. డోర్ క్లోజర్ బిగించే మనిషికి అది పావుగంట పని. ఆ తర్వాత కర్టెన్. ఎంత మందం గుడ్డ వేసినా రెండు రెక్కలూ కలిసే చోట సందు ఉంటే, ఆ సందులోంచి వచ్చే ఒక్క చార ఎండ సరిగ్గా పిల్లాడి మొహం మీదే పడుతుంది. రెక్కలు ఒకదాని మీదికి ఒకటి కనీసం అరడుగు రావాలి. ఓడ మంచానికి పెట్టే ఖర్చులో చిన్న ముక్క చాలు దీనికి.

ఇంకో సమయం రాత్రి పదీ ఇరవై. బాణసంచా అయిపోయి జనమంతా ఒక్కసారి వచ్చిపడే సమయం. ఒక రాత్రి నేను లాబీలో ఉన్నాను. ఒకాయన నిద్రపోయిన పాపని ఎడమ భుజం మీద వేసుకుని, కుడి చేత్తో మడిచిన స్ట్రోలర్ పట్టుకుని లిఫ్ట్ ముందు నిలబడ్డాడు. లిఫ్ట్ కదలాలంటే కీ కార్డ్ చూపించాలి. కార్డ్ పర్సులో, పర్సు వెనక జేబులో. స్ట్రోలర్ కింద పెడదామని వంగితే పాప తల జారుతోంది. నేను వెళ్లేలోపు ఆయన అలాగే కదలకుండా నిలబడిపోయాడు. మొహంలో కోపం కూడా లేదు, అంత అలసిపోయాడు. మర్నాటి నుంచి రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా లిఫ్ట్ దగ్గర ఒక మనిషిని పెట్టాం. అతని పనల్లా కార్డ్ చూపించి బటన్ నొక్కడమే. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అతిథులు పేరు రాసి మరీ మెచ్చుకున్నది ఆ అబ్బాయినే. ఫ్లోరిడాలో డిస్నీవాళ్లు 2013లో చేతికి కట్టుకునే మ్యాజిక్‌బ్యాండ్ తెచ్చి దాన్నే గది తాళంగా కూడా వాడుకునేలా చేసినప్పుడు, నాకు వెంటనే ఆయనే గుర్తొచ్చాడు. పాప భుజం మీద ఉన్నా మణికట్టు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది.

గది పార్క్‌కి దగ్గరగా ఉండాలన్న సంగతి పెద్ద కంపెనీలు ఎప్పుడో పట్టుకున్నాయి. 1955లో డిస్నీలాండ్ తెరిచిన ఏడాదే పక్కన డిస్నీలాండ్ హోటల్ వచ్చింది. కానీ అది వేరే ఆయన కట్టుకున్నది, డిస్నీ కంపెనీ చేతికి రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఫ్లోరిడాకి వచ్చేసరికి 1971లో పార్క్‌తో పాటే తమ హోటళ్లు కూడా తెరిచారు. వాటిలో కాంటెంపరరీ అనే హోటల్ మధ్యలోంచే మోనోరైలు వెళ్తుంది, స్టేషన్ భవనంలోనే ఉంటుంది. 2001లో టోక్యోలో మిరాకోస్టా హోటల్‌ని ఏకంగా డిస్నీసీ పార్క్ లోపలే కట్టారు. కొన్ని గదుల కిటికీలోంచి చూస్తే పార్క్‌లోని హార్బర్ కనిపిస్తుంది. పారిస్‌లో అయితే డిస్నీలాండ్ హోటల్ కిందనుంచే పార్క్‌లోకి నడిచి వెళ్తారు.

థీమ్ వద్దని నేననట్లేదు, అపార్థం చేసుకోకు. మొదటి డిస్నీలాండ్ చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోశారు, లోపల ఉన్నవాళ్లకు బయటి ప్రపంచం కనిపించకూడదని. హోటల్ కూడా ఆ కట్టకి కొనసాగింపుగా ఉండాలి. పార్క్‌లో అడవిలో తిరిగొచ్చిన పిల్లకి హోటల్లో ట్యూబ్‌లైట్ల కారిడార్ ఎదురైతే ఆ కల అక్కడే తెగిపోతుంది. దీన్ని బాగా చేసింది ఫ్లోరిడాలోనే ఉన్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అంటాను. కిటికీ బయట గడ్డిమైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. నాకు అంతకంటే నచ్చింది ఇంకోటుంది. ఆ వైపు గది తీసుకోలేనివాళ్లు కూడా వెళ్లి నిలబడి చూసేందుకు అందరికీ కలిపి చోట్లు వదిలారు. తక్కువ డబ్బు కట్టినవాళ్లకు కథలో భాగం లేదనిపించకూడదు.

గది పెద్దదిగా ఉండాలన్న రూలూ లేదు. జర్మనీలో ఫాంటాసియాలాండ్ అనే థీమ్ పార్క్‌లోని చార్లెస్ లిండ్‌బర్గ్ హోటల్ గదులు చాలా చిన్నవి. కానీ రోలర్ కోస్టర్ ఆ హోటల్‌ని చుట్టుకుంటూ పోతుంది. ఆ మధ్యలో పడుకున్నామన్న సంబరం ముందు గది వైశాల్యం ఎవరికి గుర్తుంటుంది?

నా అభిప్రాయం ఒకటే. లాబీలో, కారిడార్‌లో, లిఫ్ట్‌లో థీమ్ ఎంత గట్టిగా ఉన్నా ఫరవాలేదు. మంచం దగ్గరికి వచ్చేసరికి అది మెత్తబడాలి. పాప రాత్రి లేచి చీకట్లో డ్రాగన్ కళ్లు చూసి జడుసుకుంటే, ఆ ఫోన్ కాల్ ఎత్తేది నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లే. ఆ ప్లగ్ గురించి రాసినాయన మాట కూడా విను. మంచానికి రెండు వైపులా, ఒక్కో వైపు రెండేసి పెట్టించు. ఫోన్ చార్జ్ లేకపోతే మర్నాడు టికెట్లు తెరవలేరు, పార్క్ మ్యాప్ చూడలేరు.

ప్రశ్న అడిగినమ్మాయి

అక్కా, మీ జవాబు చదివి ఇవాళ మధ్యాహ్నం ఖాళీగా ఉన్న నాలుగు గదులు తిరిగాను. మూడింట్లో కర్టెన్ సందులో నా అరచెయ్యి పట్టేసింది. ఇన్నాళ్లూ ఆ గదులు రాత్రే చూశాను కాబట్టి తెలియలేదు. ఇంకొక్కటి చెప్పండి. చెకిన్ రోజు గొడవలు మాకు ఎక్కువ. తొమ్మిదింటికే వచ్చేస్తారు, గది మూడింటికి గానీ ఇవ్వలేం.

జవాబు (అమ్మతో ప్రయాణించే కొడుకు)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను చెప్పాలనుకున్నది ఇంకెవరూ చెప్పలేదు.

మా అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. మనవలతో పాటు పార్క్‌కి రావాలని ఆవిడకి ఎంత ఆశో. ఒక హోటల్లో వీల్‌చెయిర్ గది అని చెప్పి ఇచ్చారు. బాత్రూమ్ గుమ్మం దగ్గర రెండంగుళాల గట్టు. మూడు రోజులూ నేను అమ్మని ఎత్తి దాటించాను. ఆవిడ సిగ్గుపడి నీళ్లు తాగడం తగ్గించేసింది. అది నాకు చివరి రోజున గానీ తెలియలేదు.

మరుసటి ఏడాది వేరే హోటల్‌కి వెళ్లాం. షవర్‌లోకి కుర్చీ నేరుగా వెళ్లింది. మంచం ఎత్తు కుర్చీకి సమానంగా ఉంది. పొడవాటి కారిడార్ మధ్యలో చిన్న బెంచీ వేశారు. అమ్మ తనంతట తానే గదిలోంచి బయటికి వచ్చి, ఆ బెంచీ పక్కన కుర్చీ ఆపుకుని మనవల కోసం ఎదురుచూసింది. రినోవేషన్ అంటున్నారు కదా, గోడలు పగలగొట్టే ముందే ఆ గట్లు తీయించండి. తర్వాత ఎవరూ తీయరు.

జవాబు (హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ కలిపి పద్నాలుగేళ్లు)

బాబూ, నీళ్ల మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. చెల్లీ, ఆ జవాబు మొత్తం యథాతథంగా నీ నోట్‌లో పెట్టు.

చెకిన్ గురించి. తొమ్మిదింటికి వచ్చినవాళ్లకు గది వెంటనే అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది సామాను వదిలించుకోవడం, పిల్లలకు బట్టలు మార్చడం, పార్క్‌కి పరుగెత్తడం. పేపర్ పని అప్పుడే పూర్తి చేసెయ్యి, గది నంబర్ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చూడు, వాళ్లు తిరిగొచ్చేసరికి సామాను గదిలో ఉండాలి. మళ్లీ కౌంటర్ దగ్గర క్యూ కట్టించొద్దు. చెకౌట్ రోజు ఇంకా ముఖ్యం. పొద్దున గది ఖాళీ చేసి, సాయంత్రం దాకా పార్క్‌లో చెమటోడ్చి, ఆ బట్టలతోనే రాత్రి ప్రయాణం చేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. స్విమ్మింగ్ పూల్ పక్కన రెండు షవర్ గదులు, లాకర్లు, శుభ్రమైన తువ్వాళ్లు పెట్టి "వెళ్లేవాళ్లు వాడుకోవచ్చు" అని చెప్పండి.

డబ్బు ఖర్చు కానిది ఇంకోటుంది. హౌస్‌కీపింగ్‌లో ఉన్నప్పుడు మంచం సర్దాక, పిల్లల బొమ్మల్ని కిటికీ దగ్గర బయటికి చూస్తున్నట్టు వరసగా కూర్చోబెట్టేదాన్ని. ఒక పాప సాయంత్రం కారిడార్‌లో నన్ను పట్టుకుని, "మా ఎలుగుబంటి ఇవాళ ఏం చూసింది?" అని అడిగింది. ఆ కుటుంబం తర్వాత రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అదే ఫ్లోర్ కావాలన్నారు. మీ వాళ్లకు గదికి ఇచ్చే నిమిషాల్లో ఇలాంటిదానికి రెండు నిమిషాలు కలపమని మేనేజర్‌ని అడుగు.

కర్టెన్ కొలతలు తీసేవాణ్ని మాత్రం మధ్యాహ్నం రెండింటికి రమ్మను. నువ్వు ఆ మంచం మీద పడుకుని చూసి చెప్పు.