స్విచ్ మార్చాక గిటార్ 2, 4 పొజిషన్లలో పీలగా మోగుతోంది, సాయం చేయండి

మాది నెల్లూరు జిల్లా కావలి. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే సింగిల్ కాయిల్ పికప్‌లు మూడు, వాటిలో ఏవి మోగాలో ఎంచుకునే ఐదు పొజిషన్ల సెలెక్టర్ స్విచ్ ఉన్న స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) మోడల్. సముద్రపు గాలికో ఏమో, పాత స్విచ్ రేకులకు పచ్చగా చిలుము పట్టి, కదిపితే చాలు కరకరమనేది. కొత్తది తెప్పించి నేనే సోల్డరింగ్ చేశాను. ఇదీ రెండు వైపులా నాలుగేసి కాళ్లున్న రకమే, అక్కడ తికమక పడలేదు.

1, 3, 5లో సౌండ్ బాగానే ఉంది. మధ్య పికప్ పక్కదానితో కలిసి మోగే 2, 4లో మాత్రం బేస్ మొత్తం పోయి, జలుబు చేసిన గొంతులా వస్తోంది. వాల్యూమ్ కూడా సగమే. పైగా ఇదివరకు ఆ రెండింట్లోనే హమ్ ఉండేది కాదు, ఇప్పుడు అక్కడా గుయ్యిమంటోంది.

నా అనుమానం మధ్య పికప్ మీదే. దాని వైరు ఒకటి తెగితే రెండూ ఊడదీసి మళ్లీ అతికించాను. రెండూ వెలిసిపోయి ఒకే రంగులో ఉన్నాయి, ఫోటో తీసుకోవాలన్న బుద్ధి అప్పుడు లేదు. మీటర్‌లో మూడు పికప్‌లూ 6 కిలో ఓమ్‌ల దగ్గరే చూపిస్తున్నాయి. కానీ దాన్నిబట్టి ఏ వైరు హాటో (సిగ్నల్‌ది), ఏది గ్రౌండో తెలియదు కదా.

మధ్య పికప్ వైర్లు రెండూ అటూఇటూ మార్చేస్తే సరిపోతుందా? స్క్రూడ్రైవర్‌ను పికప్‌కి ఆనించి లాగితే మీటర్ ముల్లు ఎటు కొట్టుకుంటుందో చూడమంటారు. నా డిజిటల్ మీటర్‌తో అది తెలుస్తుందా? వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) వెనక సోల్డరింగ్ కోసం ఇప్పటికే మూడుసార్లు కాల్చాను, ఇంకోసారంటే టెన్షన్‌గా ఉంది. ఆదివారంలోపు చెబితే పుణ్యముంటుంది.