ఆత్మరక్షణ మడత కత్తితో ఇంటి పనులు చేసుకోవచ్చునా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటూ ఆత్మరక్షణ కోసం టాంటో మొన (జపాన్ బాకు తరహా కోణపు మొన), సగం రంపపు పళ్లు ఉన్న డి2 రకం ఉక్కు మడత కత్తి కొన్నాను. అట్టపెట్టెలు విప్పడానికి, పండ్లు కోయడానికి దానినే వాడవచ్చునా?

సమాధానం 1: వాడవచ్చును గాని, అట్ట పదునును త్వరగా తినేస్తుంది, పైగా టాంటో మొనకు కోణం తిరిగిన రెండు అంచులు ఉండటం వలన సానపట్టడం కష్టం. రంపపు పళ్లు తాడును చక్కగా తెంచుతాయి, జామకాయను మాత్రం చీల్చి పాడుచేస్తాయి.

సమాధానం 2: డి2లో తుప్పును అడ్డుకునే క్రోమియం సుమారు 12 శాతమే కనుక, నిమ్మరసం తగిలాక కడిగి తుడవకపోతే తుప్పు మచ్చలు వస్తాయి. పండ్లకు వంటింటి చాకు చాలదా అండీ?

సమాధానం 3: విమానం ఎక్కే రోజున జేబులో మరచిపోకండి, దానిని చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.