యూదు విద్యార్థి సంఘం సేవాయాత్రకు యూదులు కానివారు వెళ్లవచ్చా?

ప్రశ్న

నేను అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఎం.ఎస్. చదువుతున్నాను. మా విశ్వవిద్యాలయంలోని హిల్లెల్ అనే యూదు విద్యార్థి సంఘం శాఖ వసంత సెలవుల్లో అలబామాకు సేవాయాత్ర నిర్వహిస్తోంది. పగలు పాత ఇళ్ల మరమ్మతులు, సాయంత్రాలు సామాజిక న్యాయంపై చర్చలు, చివర సెల్మా, మాంట్‌గోమరీ సందర్శన ఉంటాయట. ఏ మతం వారైనా దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటనలో ఉన్నప్పటికీ, హిందువునైన నేను వారి ప్రార్థనల మధ్య ఇమడలేనేమో, నా వల్ల వారికే ఇబ్బంది కలుగుతుందేమో అన్న సందేహం తీరడం లేదు. మతం మార్చే ప్రయత్నం ఏమైనా ఉంటుందా? వీసా నిబంధనలు అడ్డు వస్తాయా?

మొదటి సమాధానం

మతమార్పిడి గురించి భయం అక్కర్లేదు. స్వయంగా కోరి వచ్చినవారిని కూడా రబ్బీలు, అంటే యూదు మతగురువులు, తొందరపడి చేర్చుకోని సంప్రదాయం వారిది. నేను ఇలాంటి యాత్రకు వెళ్లినప్పుడు ప్రార్థన సమయంలో మౌనంగా కూర్చున్నాను; ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి దినం కాబట్టి పనులు ఆగిపోతాయి. నిష్ఠగా పాటించేవారు ఆ సమయంలో ఫోను వాడరు, వాహనం ఎక్కరు. అందువల్ల తిరుగు ప్రయాణం శనివారం పగలు పెట్టుకోవాలనుకుంటే ముందే నిర్వాహకులను అడగండి.

మీరు శాకాహారులైతే ఒక సంగతి గుర్తుంచుకోండి. కోషర్ అనే యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసాన్ని, పాల పదార్థాలను కలిపి తినరు గానీ, గుడ్డునూ చేపనూ మాంసంగా లెక్కించరు. మాంసం లేని భోజనమని చెప్పినంత మాత్రాన అది మన లెక్కలో శాకాహారం కాకపోవచ్చు.

రెండో సమాధానం

నా సందేహం మతం గురించి కాదు, సేవ గురించి. గోడకు రంగు వేయడం కూడా తెలియని విద్యార్థులు వారం రోజుల్లో చేసే మరమ్మతు ఎవరికి ఉపయోగం? ఆ పనిని కోరిన స్థానిక సంస్థ ఏది, విద్యార్థులు వెళ్లిపోయాక దానిని ఎవరు కొనసాగిస్తారు, మీరు కట్టే రుసుములో ఆ సంస్థకు చేరేది ఎంత అని అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగితే నిస్సంకోచంగా వెళ్లండి.

అలబామాను ఎంచుకోవడం వెనుక చరిత్ర ఉంది. 1964లో మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమంలో జేమ్స్ చేనీతోపాటు ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ఇద్దరు యూదు యువకులను కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా చంపింది. మరుసటి ఏడాది నల్లజాతివారి ఓటు హక్కు కోసం అలబామాలోని సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన పాదయాత్రలో రబ్బీ అబ్రహాం జాషువా హెషెల్ ముందు వరుసలో నడిచారు. ఈ ఘట్టాలను తమ సమాజపు గొప్పగా చెప్పుకోవడంతోనే సాయంత్రపు చర్చలు ముగుస్తాయా, లేక ఇప్పుడు అక్కడ నివసిస్తున్నవారి మాట కూడా వినిపిస్తుందా అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. 2018లో మాంట్‌గోమరీలో ప్రారంభమైన, మూకహత్యల్లో ప్రాణాలు కోల్పోయిన నల్లజాతివారి స్మారకాన్ని మాత్రం హడావుడి లేకుండా చూడండి.

మూడో సమాధానం

స్వచ్ఛంద సంస్థలో ప్రతిఫలం లేకుండా చేసే సేవకు ఎఫ్-1 సాధారణంగా అడ్డు కాదు. అయితే జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేస్తే చిక్కు రావచ్చు కనుక, పని వివరాలు చూపించి మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అభిప్రాయం తీసుకోండి. దేశం లోపలి ప్రయాణానికి, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంపై ప్రయాణ సంతకం అవసరం లేదు. పాస్‌పోర్టు, ఐ-20 మాత్రం వెంట ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండో సమాధానంలోని ప్రశ్నలను నిర్వాహకులకు పంపాను. నేను గుడ్డు తిననన్న విషయం దరఖాస్తులోనే రాస్తాను.