జూలై తోలుబొమ్మల వర్క్‌షాప్: కౌన్సిల్ గ్రాంటు, పనుల పంపకం

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. స్థానిక కళా కార్యక్రమాలకి గ్రాంట్లిచ్చే క్రియేటివ్ కమ్యూనిటీస్ స్కీమ్ తర్వాతి రౌండు నెలాఖరుకి క్లోజ్ అవుతోంది. తెలియనివాళ్లకి: డబ్బు ఇక్కడి జాతీయ కళల సంస్థ క్రియేటివ్ న్యూజిలాండ్‌ది, ఎవరికివ్వాలో తేల్చేది మన ఊరి కౌన్సిల్ వేసిన స్థానికుల కమిటీ. పోయినేడు మన తెలుగు సంఘం ఉగాదికి అడిగి ఉత్తచేతులతో వచ్చాం కదా, ఆ అప్లికేషన్ నిన్న మళ్లీ తీసి చూశాను. భోజనాలు, పోటీల బహుమతులు, డాన్సు పిల్లలకి కొనే డ్రెస్సులు. ఇవ్వకూడని ఖర్చుల లిస్టు ఎదురుగా పెట్టుకుని మరీ బడ్జెట్ రాసినట్టున్నాం!

ఈసారి పండగకి అడగొద్దు, పిల్లలు నేర్చుకునే కళకి అడుగుదాం. జూలై స్కూలు సెలవుల్లో నాలుగు రోజులు తోలుబొమ్మల వర్క్‌షాప్, ఐదో రోజు సాయంత్రం వాళ్లే ఆడించే ఆట. ఊళ్లో ఎవరి పిల్లలైనా రావచ్చు. "మన సభ్యులకు" అనే మాట ఫారంలో ఎక్కడా కనిపించకూడదు.

కోశాధికారి:
బడ్జెట్ నేను చూస్తాను. హాలు అద్దె, లైట్ల అద్దె, రంగులు, కాగితం, నేర్పేవాళ్ల ఫీజు, పోస్టర్లు పెట్టొచ్చు. లైట్లు, మద్దెల కొంటామంటే ఒప్పుకోరు, అద్దెకి తెస్తే సరే. మనకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి కొటేషన్లలో ఆ 15 శాతం తీసేసి రాయాలి. ఖర్చులోంచి టికెట్ల ఆదాయం పోగా మిగిలిందే అడగాలి. ఆదాయం దగ్గర సున్నా పెట్టి దబాయించొద్దు.

యూత్ వింగ్:
అక్కా, ఒక చిన్న విషయం. వచ్చే శనివారం నుంచే క్లాసులు మొదలని పోస్టర్ వేసేశాను. పదకొండు మంది పేర్లిచ్చారు కూడా.

కార్యదర్శి:
అయ్యో తమ్ముడూ, వెంటనే తీసెయ్. మొదలైపోయిన పనికి ఈ స్కీములో డబ్బివ్వరు. జవాబు వచ్చేదాకా ఒక్క క్లాసు కూడా వద్దు. ఆ పదకొండు మందికీ నువ్వే ఫోన్ చేసి జూలై అని చెప్పు. పేర్లు మాత్రం దాచి ఉంచు, ఆసక్తి ఉందని చూపించడానికి పనికొస్తాయి.

వర్క్‌షాప్ బాధ్యత:
నమూనా బొమ్మ ఒకటి చేసి చూశానండీ. అసలు బొమ్మకైతే మేకతోలుని వెలుతురు దిగేంత పల్చగా చేస్తారు. పిల్లలకి మందపాటి డ్రాయింగ్ కాగితం చాలు. రంగులేసి ఆరాక, వెనకవైపు దూదితో కొంచెం నూనె రాశాను. దీపం ముందు పెడితే ఎరుపు ఎరుపులాగే తెర మీదికి వచ్చింది! నగలున్నచోట సూదితో చిల్లులు పొడిస్తే అవి మెరుస్తాయి. భుజం, మోచెయ్యి దారంతో ముడేయాలి. ముడి బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే వేలాడుతుంది. నాకు మూడోసారికి కుదిరింది. ఏడేళ్లలోపు పిల్లలు ఎక్కువుంటే ఒక్కో బల్లకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి.

ఇంకోటి, మా నాన్నగారు జూన్‌లో వస్తూ ఆంధ్రాలో తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంటలో చేసిన బొమ్మలు రెండు తెస్తామంటున్నారు.

సలహాదారు:
తేవచ్చమ్మా, కానీ అది జంతువు తోలు. ఎయిర్‌పోర్టులో తప్పకుండా డిక్లేర్ చేయమను. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్. చెప్పినా చూసి వదులుతారో లేదో వాళ్లిష్టం, కాబట్టి ఆ బొమ్మల్ని నమ్ముకుని ప్రోగ్రామ్ వేయకండి. అసలు ఈ ఫారాల తిప్పలు ఎందుకు? ఇంటికింత చందా వేసుకుంటే పోయేది కదా?

కార్యదర్శి:
చందాలైతే మళ్లీ మన నలభై ఇళ్లే వస్తాయి బాబాయ్. కౌన్సిల్ పేరుంటే లైబ్రరీలో పోస్టర్ పెట్టనిస్తారు, స్కూళ్లు పిల్లలకి చెప్తాయి. నాకు డబ్బుకన్నా అదే ముఖ్యం. కౌన్సిల్ ఆర్ట్స్ అడ్వైజర్ డ్రాఫ్ట్ చదివి పెడతానన్నారు, గురువారానికి నాకు అన్నీ కావాలి.

ఆలోచన, జరిపే తీరు, మనుషులు, స్కీము ప్రమాణం, బడ్జెట్ అని ఐదు భాగాలు. మొదటి రెండూ నేను రాస్తాను. ప్రమాణం అంటే స్కీము ఉద్దేశాల్లో మన పని దేనికి సరిపోతుందో చెప్పడం, అక్కడ 'వైవిధ్యం' ఎంచుకోవచ్చు, కానీ 18 ఏళ్లలోపు వాళ్ల కోసం 'యువత' అని ఉంది. మనకి అదే సరిపోతుందనిపిస్తోంది. తోలుబొమ్మలాట అంటే ఏంటో కమిటీకి తెలిసుండదు, అందుకే బొమ్మ ఫొటో దీపం ముందు ఒకటి, దీపం లేకుండా ఒకటి కావాలి. ఆట అయ్యాక రెండు నెలల్లో రిపోర్టు ఇవ్వాలి, దానికి ఎవరైనా ఇప్పుడే పేరివ్వండి. పోయినసారిలా నా మీద పడేయకండి.

యూత్ వింగ్:
రిపోర్టు నాది అక్కా. పోస్టర్ తీసేశాను, తొమ్మిది మందికి చెప్పాను, ఇద్దరు ఎత్తలేదు.

వేదిక బాధ్యత:
హాలు ఐదు రోజులకీ ఖాళీయే. అడ్వాన్సు కట్టలేదు, కొటేషనే తీసుకున్నాను. జూలైలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఆట ఆరింటికి పెడదాం, కిటికీలకి నల్లగుడ్డ ఖర్చు తప్పుతుంది. తెరకి తెల్లగుడ్డ ఎవరి దగ్గరైనా ఉందా?

సలహాదారు:
మా ఇంట్లో పెద్ద దుప్పటి ఉంది. అంచున గులాబీ పూలున్నాయి, పర్లేదా?

వర్క్‌షాప్ బాధ్యత:
పూలవైపు మడతపెడితే ఎంత మిగులుతుందో కొలిచి చెప్పండి బాబాయ్. అడ్డం కనీసం రెండు మీటర్లుండాలి.